గడియారం పక్కన గుర్తుల గుంపు వదిలింది: తమ్ముడికీ, మాస్టారికీ కృతజ్ఞతలు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. ఈ పోస్టు ఇద్దరి కోసం. ఒకరు మా ఆడపడుచు తోటికోడలి తమ్ముడు, సొంతూరు పాతపట్నం, ఉద్యోగం విశాఖలో. ఇంకొకరు మా వీధిలోనే ఉండే ఒడియా మాస్టారు. పేర్లు రాయొద్దని ఇద్దరూ గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు, కానీ నలుగురిలో థాంక్స్ చెప్పకుండా ఎలా ఉంటాను, పైగా వాళ్లు చెప్పిన సంగతులు ఆన్ చెయ్యగానే మొరాయించే పాత కంప్యూటరు ఉన్న ప్రతి ఇంటికీ పనికొచ్చేవే.

మాది విండోస్ 10 ఉన్న డెస్క్‌టాప్. పగలు నేను దానిమీద తెలుగులో గుడి కమిటీ కరపత్రాలు, ఒడియాలో చుట్టుపక్కల వాళ్ల దరఖాస్తులు టైపు చేస్తుంటాను, సాయంత్రం మా పాప ప్లస్ టూ క్లాసులు వింటుంది. పాస్‌వర్డ్ కొట్టగానే తెర మీద బొమ్మ వచ్చేస్తుంది, గొడవంతా ఆ తర్వాతే. మౌస్ పక్కన చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఏది నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు, ఈలోగా కింద గడియారం పక్కన ఒక్కో గుర్తూ వచ్చి, పెళ్లి పందిట్లో ముందు వరస కుర్చీల్లో కూర్చునే చుట్టాల్లా సర్దుకుంటూ ఉంటుంది. పక్కన పాపేమో "అమ్మా, హాజరు తీసేసుకుంటున్నారు" అని టెన్షన్. బజార్లో ఒక షాపులో అడిగితే ర్యామ్ (మెమరీ) వెయ్యాలి, అయినా ఎందుకండీ, కొత్తదే తీసుకోండి అన్నారు. చూడకుండానే అన్నారు, అదీ నాకు నచ్చనిది.

తమ్ముడు అలా అనలేదు. రాత్రి డ్యూటీ దిగి ఫోన్ చేసి, ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కమన్నాడు. ఏ ప్రోగ్రాము ఎంత వాడుకుంటోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరుచుకుంది. మెమరీ ఎంత, డిస్క్ ఎంత చదువు అన్నాడు. మెమరీ సగం దగ్గరే ఉంది, డిస్క్ మాత్రం నూటికి నూరు. "ర్యామ్ కాదప్పా, హార్డ్ డిస్క్‌కి ఊపిరి ఆడట్లేదు" అన్నాడు. తర్వాత అందులోనే స్టార్టప్ అనే ట్యాబ్‌లోకి వెళ్లమన్నాడు, కంప్యూటరుతో పాటే వాటంతటవే లేచే ప్రోగ్రాముల జాబితా అది. అక్కడ పైన కుడివైపు 'లాస్ట్ బయోస్ టైమ్' అని ఒక అంకె ఉంటుంది, విండోస్‌కి పని అప్పగించే ముందు మెషిన్ తన కోసం తీసుకునే సమయం అట అది. మాకు కొద్ది సెకన్లే చూపించింది. అంటే మెషిన్ తప్పేం లేదు, పాస్‌వర్డ్ తర్వాత ఒక్కసారిగా లేచే ప్రోగ్రాములే అడ్డు అని తేల్చేశాడు. రోగం ఎక్కడుందో ఇలా విడదీసి చూపించిన మనిషి నాకు ఇతనే మొదటివాడు.

అసలు విషయం నాకు ఇక్కడే తెలిసింది. కింద కనబడే గుర్తుని దాచెయ్యడం వేరు, ఆ ప్రోగ్రాముని ఆపడం వేరు. టాస్క్‌బార్ (తెర అడుగున ఉండే పట్టీ) సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ ఏరియా కిందికి వెళ్లి ఏ గుర్తు కనబడాలో ఏది అక్కర్లేదో ఎంచుకోవచ్చు, లేదా గుర్తుని మౌస్‌తో పట్టుకుని ఆ చిన్న పైబాణం లోపలికి లాగెయ్యొచ్చు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, ప్రోగ్రాము మాత్రం లోపల తన మానాన తను నడుస్తూనే ఉంటుంది. ఆపాలంటే స్టార్టప్ జాబితాలోకే వెళ్లాలి. అక్కడ డిసేబుల్ చేస్తే ప్రోగ్రాము పోదు, దానంతటది లేవదు, అంతే. కావాల్సినప్పుడు మనమే తెరుచుకోవచ్చు, ఆపడం వద్దనుకుంటే మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు.

జాబితాలో ఒక్కోదానికి ఎదురుగా హై, మీడియం, లో అని రాసి ఉంటుంది. లేచేటప్పుడు ప్రాసెసర్‌ని ఒక సెకను కన్నా ఎక్కువ వాడుకున్నా, డిస్క్‌తో 3 ఎంబీ కన్నా ఎక్కువ పని చేయించినా అది హై అట. మొత్తం హై ఉన్నవాటినే ముందు పట్టుకున్నాం. వీడియో మీటింగుది ఒకటి, ప్రింటరు తాలూకు సహాయకుడు ఒకటి, పాప ఎప్పుడో పెట్టుకున్న ఆటల లాంచర్ ఒకటి. ప్రతిదాని దగ్గరా నేను ఆగిపోవడం, "ఏటీ అవ్వదప్పా, నువ్వు నొక్కు" అని అతను అనడం. తెర తన చేతుల్లోకి తీసుకుని చిటికెలో చేసెయ్యొచ్చు, అలాంటి యాప్‌లు ఉన్నాయని నాకూ తెలుసు. కానీ అన్నీ నా చేతే నొక్కించాడు. ప్రింటరు సహాయకుణ్ణి ఆపినా ప్రింట్లు మామూలుగానే వస్తున్నాయి. విండోస్ సెక్యూరిటీ జోలికి, సౌండు డ్రైవర్ జోలికి మాత్రం వెళ్లనివ్వలేదు.

ఒక పేరు దగ్గర నిజంగా భయం వేసింది. ఉత్త 'ప్రోగ్రామ్' అని ఉంది, పక్కన తెల్ల కాగితం బొమ్మ, కంపెనీ పేరు ఖాళీ. వైరస్ అనుకున్నాను. పైన నిలువు వరసల పేర్ల మీద కుడి క్లిక్ చేసి 'కమాండ్ లైన్' అనేది ఆన్ చెయ్యమన్నాడు. చేస్తే ఫైలు చిరునామా మొత్తం కనబడింది. ఎప్పుడో తీసేసిన ఒక స్కానర్ సాఫ్ట్‌వేర్‌ది, ఫైలు పోయింది, పిలుపు మిగిలింది. 'ప్రోగ్రామ్ ఫైల్స్' అనే పేరులో మధ్య ఖాళీ ఉండటంతో మొదటి ముక్కే పేరుగా కనబడుతోందట. ఆ రాత్రి నాకు అన్నిటికన్నా బాగా నచ్చిన ముక్క ఇదే.

ఇక మాస్టారి సంగతి. జాబితాలో నేను ఆపలేకపోయింది టైపింగ్ టూల్, అది లేకపోతే నాకు తెలుగూ లేదు ఒడియా లేదు. మర్నాడు మాస్టారితో అంటే, విండోస్‌లోనే ఉండగా అదెందుకమ్మా అని ఒడియాలో నవ్వారు. 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్ 10లో 10 భారతీయ భాషలకి ఫొనెటిక్ కీబోర్డులు వచ్చాయి, వాటిలో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. సెట్టింగ్స్‌లో భాష దగ్గరికి వెళ్లి రెండూ చేర్చి పెట్టారు. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే మన అక్షరాలు వచ్చేస్తాయి, విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. మా ఊళ్లో ఒకే కాగితం మీద రెండు లిపులూ రాయాల్సి వస్తుంది కాబట్టి నాకు ఇదే పెద్ద వరం. టాస్క్‌బార్ మీద ఆ భాష గుర్తుని మాత్రం దాచొద్దన్నారు, ఏ కీబోర్డులో ఉన్నామో తెలియాలి కదా. పాత టూల్‌ని డిసేబుల్ చేశాను, ప్రెస్సువాళ్లు పాత ఫాంటులోనే కావాలని పేచీ పెట్టినప్పుడు చేత్తో తెరుచుకుంటున్నాను.

వాతావరణం చూపించే ముక్కని కూడా తీసేస్తే మా మావయ్యగారు ఒప్పుకోలేదు. తుఫానుల కాలంలో అదే ఆయన మొదట చూసేది. టాస్క్‌బార్ మీద కుడి క్లిక్, న్యూస్ అండ్ ఇంట్రెస్ట్స్, మళ్లీ పెట్టేశాం.

ఇప్పుడు పాప క్లాసుకి టైముకి కూర్చుంటోంది. అలాగని ఇది కొత్తదై పోలేదు, తమ్ముడూ అదే చెప్పాడు. అసలు మందు హార్డ్ డిస్క్ తీసి, దానికన్నా చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వెయ్యడమేనట, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది కాబట్టి ఆ ఖర్చు పెట్టేముందు ఈ మెషిన్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో చూడాలట. తమ్ముడూ, ఆ చూసే రోజున మళ్లీ ఫోన్ చేస్తాను, అప్పుడూ నా చేతే నొక్కించు. మాస్టారూ, మీ అమ్మాయి పెళ్లి కార్డు తెలుగు వైపు నేనే టైపు చేస్తాను, డబ్బుల మాట ఎత్తారంటే ఊరుకోను.