మా నాన్నగారి కోసం వచ్చిన అందరికీ కృతజ్ఞతలు

మా నాన్నగారు గత నెల కాలం చేశారు. ఆయనకు 89 ఏళ్ళు. అవనిగడ్డ చుట్టుపక్కల ఊళ్ళలో పాతవాళ్ళకు 'సర్వేయరుగారు' అంటే ఆయనే. బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగిన రోజు నుంచి పెద్దకర్మ దాకా మాకు ఎంతోమంది సాయం చేశారు. ఫోన్ చేసి చెబుదామంటే సగంమంది నంబర్లు లేవు, కొందరి పేర్లు కూడా తెలియవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు రక్తం ఇచ్చిన కుర్రాళ్ళకు. నాన్నది బి నెగటివ్. ఆపరేషన్‌కి రక్తం కావాలన్నారు. అన్నయ్య ఇంకా హైదరాబాద్ నుంచి దారిలోనే ఉన్నాడు, నాకేమో టెన్షన్‌లో ఎవర్ని అడగాలో తోచలేదు. వాట్సాప్‌లో ఎవరు పెట్టారో ఏమో, చీకటి పడేలోపు మోపిదేవి వైపు నుంచి ఇద్దరు బండేసుకుని విజయవాడ వచ్చేశారు. "మా తాత పొలం కొలిచింది ఈయనేనంటండీ" అన్నారు. రక్తం ఇచ్చి, టీ అయినా తాగకుండా వెళ్ళిపోయారు.

నాన్న దగ్గర చైన్‌మన్‌గా, అంటే కొలతప్పుడు గొలుసు లాగే మనిషిగా, పనిచేసిన పెద్దాయనకు ఏమిచ్చినా రుణం తీరదు. ఆయనకే ఎనభై దగ్గరపడ్డాయి. అయినా రాత్రిళ్ళు నాన్న మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వద్దంటే వినలేదు. "మీరెళ్ళి పడుకోండమ్మాయిగారూ, అయ్యగారూ నేనూ కాలవగట్ల మీద పడుకున్నవాళ్ళమే" అనేవారు. మందుల మత్తులో కూడా ఆయన గొంతు వినపడితే నాన్న కళ్ళు తెరిచేవారు.

నాన్న 1958లో ఉద్యోగంలో చేరారు. జమీందారీలు రద్దు చేస్తూ 1948లో వచ్చిన చట్టం ప్రకారం సర్కారు తీసుకున్న గ్రామాల్లో కొలతలు అప్పటికింకా సాగుతూనే ఉన్నాయి. నూజివీడు వైపు ఊళ్ళలో పని నేర్చుకున్నానని చెప్పేవారు. అప్పటి పరికరాలన్నీ కలిపి ఒక గోనెసంచిలో పట్టేవి: గొలుసు, లంబం చూసుకునే క్రాస్ స్టాఫ్, ఇనప పుల్లలు, జెండా కర్రలు. గొలుసు 66 అడుగులు, అందులో వంద లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. అందుకే నాన్నకు కాగితం అక్కర్లేదు. పొడవు, వెడల్పు లింకుల్లో హెచ్చవేసి వెనక మూడంకెలు కొట్టేస్తే సెంట్లు వచ్చేస్తాయి. మా చిన్నప్పుడు ఎక్కాలు ఇలాగే అడిగేవారు, అది మాత్రం మాకు నచ్చేది కాదు.

సర్వేయరంటే జనంలో ఎలాంటి పేరుందో నాకు తెలుసు, దాచిపెట్టి ప్రయోజనం లేదు. కొలతకు వెళ్ళిన ఊళ్ళో నాన్న మజ్జిగ తాగితే గట్టు తగువున్న ఇద్దరి ఇళ్ళలోనూ తాగేవారు, లేకపోతే ఎవరింట్లోనూ తాగేవారు కాదు. అమ్మ కట్టిచ్చిన పులిహోర చెట్టుకింద కూర్చుని తినేవారు.

1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. మనుషుల సంగతి అందరికీ తెలిసిందే. ఆ తర్వాత పొలాల దగ్గరికి వెళ్తే గట్లు లేవు, చెట్లు లేవు, ఎటు చూసినా ఉప్పుమట్టి. ఎవరి చెక్క ఎక్కడో దాని యజమానే చెప్పలేని పరిస్థితి. నాన్న, చైన్‌మన్లు గునపాలతో పొడుచుకుంటూ మేట కింద పాత రాళ్ళు వెతికారట. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోట పాతిన రాయి ఒక్కటి దొరికినా, అక్కణ్ణుంచి ఎఫ్.ఎం.బి., అంటే పొలాల కొలతల పుస్తకం, చూసుకుంటూ ఒక్కో లైనూ లాగుకుంటూ రావచ్చు. ఆ రోజుల గురించి నాన్న ఎక్కువ చెప్పేవారు కాదు. నాకు తెలిసిందంతా ఆసుపత్రి వరండాలో చైన్‌మన్ గారు చెప్పిందే.

ఇంకో కుటుంబం గురించి కూడా రాయాలి. ఊరు చెప్పను. అన్నదమ్ములు ఒక గట్టు కోసం మాటలు మానేశారు. స్కెచ్‌లో చూస్తే రాయి ఒకచోట ఉండాలి, పొలంలో అది పదమూడు అడుగులు అవతల ఉంది. తమ్ముడే జరిపాడని అన్న అంటాడు. పదమూడు అడుగులని వినగానే నాన్నకు అనుమానం వచ్చింది. గొలుసుకు ప్రతి పది లింకులకూ ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. పదికి ఒక పన్ను, ఇరవైకి రెండు, అలా నలభైకి నాలుగు, సగంలో గుండ్రటి బిళ్ళ. ఎటువైపు నుంచైనా లెక్కపెట్టాలి కాబట్టి రెండో సగంలోనూ అవే బిళ్ళలు తిరగేసి ఉంటాయి. అంటే అరవై దగ్గర కూడా నాలుగు పళ్ళే. గుండ్రటి బిళ్ళ దాటామో లేదో చూడకపోతే అరవై కాస్తా నలభై అయిపోతుంది. తేడా ఇరవై లింకులు, అంటే పదమూడు అడుగుల చిల్లర. అడ్డంగా ఇంకో లైను కొలిచి చూస్తే రాయి ఉన్న చోటే సరిపోయింది. రాయి కదల్లేదు, ఎప్పుడో పుస్తకంలో అంకె తప్పు పడింది. రాసిందెవరని అన్నదమ్ములు అడిగితే నాన్న చెప్పలేదట. ఆ రెండిళ్ళ పిల్లలూ ఆసుపత్రికి వచ్చారు, అంబులెన్సుకు ముందు వెనకా నడిచారు.

నాన్న 1994లో రిటైరయ్యారు, కానీ ఎఫ్.ఎం.బి. నకళ్ళు పట్టుకుని ఇంటికొచ్చేవాళ్ళు తగ్గలేదు. రీసర్వే మా వైపు వచ్చినప్పుడు సచివాలయం సర్వేయరు అబ్బాయి ఆయన్ని కారులో పొలానికి తీసుకెళ్ళి, చేతికి రోవర్, అంటే ఉపగ్రహాల సిగ్నల్‌తో కొలిచే పరికరం, ఇచ్చి చూపించాడు. కాలవ అవతలికి గొలుసు లాగే పనే లేదా అని నాన్న ఆశ్చర్యపోయారు. "మరి కొబ్బరితోటలో?" అని అడిగితే, చెట్ల కింద సిగ్నల్ సరిగా అందదని ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు. ఆ వారమంతా నాన్న అదే చెప్పుకుని నవ్వుకున్నారు. బాబూ, ఆ పూట ఆయనకు ఎంత సంతోషం ఇచ్చావో నీకు తెలియదు.

ఒళ్ళు తుడిచి, పక్కలు మార్చి, విసుక్కోకుండా చూసిన నర్సులకు, ఆయాలకు దణ్ణాలు. అమ్మ ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు పట్టుకుని ట్రెజరీ చుట్టూ తిరిగిన నాన్న స్నేహితులకు, కర్మ పనులన్నీ నెత్తిన వేసుకున్న మా వీధివాళ్ళకు పేరుపేరునా చెప్పలేకపోయినందుకు ఏమనుకోవద్దు.

ఆసుపత్రికి భోజనం పంపినవాళ్ళ క్యారేజీలు కొన్ని మా ఇంట్లోనే ఉండిపోయాయి. ఒకదాని మూత మీద పేరు చెక్కి ఉంది కానీ అరిగిపోయింది, చదవలేకపోతున్నాం. మీవైతే వచ్చి తీసుకెళ్ళండి. సాయంత్రాలు అమ్మ ఇంట్లోనే ఉంటుంది, ఎవరైనా వచ్చి కాసేపు కూర్చుంటే బాగుణ్ణని అంటోంది.