ఈసారి చిల్గోజా ఎందుకింత తక్కువ, ఎందుకింత రేటు

అందరికీ నమస్కారం. వాట్సాప్‌లో రోజూ ఇదే అడుగుతున్నారు కాబట్టి ఒక్కసారే రాసేస్తున్నాను. చిల్గోజా అంటే హిమాలయాల్లో పెరిగే ఒక పైన్ చెట్టు గింజ, నేను తెప్పించేది హిమాచల్‌లోని కిన్నౌర్ జిల్లా నుంచి. ఆ కిన్నౌర్ చిల్గోజా ఈ సీజన్‌లో చాలా తక్కువ వస్తోంది. రేటు పోయిన ఏడు కన్నా ఎక్కువ, గింజ కూడా కాస్త సన్నంగా ఉంది. ముందే డబ్బు కట్టినవాళ్ళకు పాత రేటుకే ఇస్తాను, అందులో మార్పు లేదు. కొత్తగా అడిగేవాళ్ళకు మాత్రం ఇంటికి పావు కిలో మించి ఇవ్వలేను. కట్టినవాళ్ళలో ఎవరికైనా ఇప్పుడు వద్దనిపిస్తే డబ్బు వెనక్కి తీసుకోండి, నేనేమీ నొచ్చుకోను.

"హిమాచల్‌లో వానలు దంచికొట్టాయని టీవీలో చూశాం కదా, మరి కాపు లేకపోవడమేంటి?" అని ఒక పెద్దాయన నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే, కాకపోతే ఈ చెట్టు లెక్క వేరు. ఈ అక్టోబరులో కోసిన కాయ ఈ ఏడాది వానకు పుట్టింది కాదు. దాని మొగ్గ రెండేళ్ళ కిందట, ఎండలు తగ్గుముఖం పట్టే రోజుల్లోనే కొమ్మ చివర కట్టేసుకుంది. ఆ తర్వాతి ఏడు మే, జూన్‌లలో పుప్పొడి గాలికి ఎగిరి వచ్చి బుల్లి పిందెల మీద పడింది. పడిందే కానీ అక్కడితో పని అయిపోలేదు, ఆ పిందె చలికాలమంతా మంచులో అలాగే ఉండి, మళ్ళీ ఏడు ఎండలు వచ్చాకే లోపల గింజ కట్టడం మొదలవుతుంది, అప్పుడు గబగబా ఊరి సెప్టెంబరు, అక్టోబరుకి కోతకు వస్తుంది. ఇన్ని నెలల్లో ఎక్కడ దెబ్బ తగిలినా కాయ లేనట్టే. పుప్పొడి ఎగిరే రోజుల్లో ముసురు పట్టిందనుకోండి, పుప్పొడి తడిసి కిందే పడిపోతుంది, అది అందని పిందెలు ఎండి రాలిపోతాయి. ఆలస్యంగా మంచు కురిసి గడ్డకట్టినా, వడగళ్ళు పడినా అంతే. అక్కడి నుంచి నాకు సరుకు పంపే ఆయన చెప్పేదీ ఇదే, పోయిన ఏడు పుప్పొడి వేళ వాన పట్టుకుని వదల్లేదట.

మామిడి తోటలు ఉన్నవాళ్ళకు ఇది నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. చలి సరిగ్గా పడకపోతే పూత రాదు, పూత మీద వాన పడితే నిలవదు, ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు చెట్టు ముఖం చాటేస్తుంది. పైన్ చెట్టు అంతకన్నా మొండిది. బాగా కాసే ఏడు కొన్నేళ్ళకోసారి గానీ రాదు, వచ్చినప్పుడు లోయ మొత్తం ఒకేసారి కాస్తుంది, రానప్పుడు లోయ మొత్తం ఖాళీ. అందుకే "పక్క ఊరి నుంచి తెప్పించండి" అంటే కుదరదు, పక్క ఊరి మీదా అదే గాలి, అదే వాన. పైగా కాపు తక్కువైన ఏడు పిట్టలు, పురుగులు తినగా మనిషికి మిగిలేది ఇంకా తక్కువ.

అసలు ఈ చెట్టు పెరిగేదే వాన పెద్దగా చేరని చోట. సుమారు 1,800 నుంచి 3,300 మీటర్ల ఎత్తులో, ఋతుపవనాలు కొండలకు ఇవతలే ఆగిపోయే పొడి లోయల్లో. దానికి నీళ్ళంటే ముఖ్యంగా చలికాలం మంచే. మంచు మెల్లగా కరిగితే నేలలోకి దిగుతుంది, అదే నీళ్ళు వానగా దబదబా పడితే రాళ్ళ మీంచి జారి సట్లెజ్‌లో కలుస్తాయి. 2024 జనవరిలో హిమాచల్‌లో మంచూ లేదు వానా లేదు, నెల దాదాపు పొడిగానే గడిచింది. అలాంటి చలికాలాలు ఎక్కువైతే మన డబ్బాలోకి వచ్చే గింజ మీద ఆ ప్రభావం పడక మానదు.

ఒట్టి వ్యాపారి మాట అనుకుంటారేమో, అమెరికాలో దీనికి చుట్టమైన పిన్యన్ పైన్ మీద లెక్కలే తీశారు. న్యూమెక్సికో, ఓక్లహోమాలలో అవే అడవుల్లో 1974 ప్రాంతపు దశాబ్దాన్ని, 2008 ప్రాంతపు దశాబ్దాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే కాయలు 40 శాతం తగ్గాయి. మొగ్గ కట్టే రోజుల్లో, అంటే వేసవి చివర, చల్లగా ఉంటేనే ఆ చెట్టు బాగా కాస్తుంది, ఇప్పుడు ఆ రోజులు వేడెక్కాయి. కొండల పైన చల్లగా ఉండే చోట్ల చెట్లకైనా ఫర్వాలేదేమో అనుకుంటాం కదా, తీరా చూస్తే ఎక్కువ తగ్గింది అక్కడే, వేడి ఎక్కువ పెరిగింది కూడా అక్కడే.

ఇంకో సంగతి, నాకు ఇదే ఎక్కువ టెన్షన్. మొన్న నాకు సరుకు పంపే ఆయన ఒక కొమ్మ ఫొటో పంపారు. కోతకొచ్చిన పెద్ద కాయ, పైనున్న పొలుసులన్నీ ఇంకా బిగుసుకుని, జిగురు కారుతూ ఉంది. అదే కొమ్మ కొసన బొటనవేలి గోరంత పిందెలు. అవి వచ్చే ఏటి కాయలు. కొక్కెం కట్టిన కర్రతో కాయ ఒక్కటే లాగితే పిందెలు బతుకుతాయి, తొందరలో కొమ్మకు కొమ్మ నరికేస్తే వచ్చే ఏటి కాపు కూడా ఈ ఏడే పోతుంది. వేలంలో చెట్లు పాడుకున్న కాంట్రాక్టరుకు వచ్చే ఏడుతో పనేముంది? కాబట్టి కొమ్మ నరకకుండా కోసినవాళ్ళ దగ్గరే, కిలోకు కొంత ఎక్కువిచ్చి కొంటున్నాను. మీరు చూసే రేటులో ఆ ఎక్కువ కూడా ఉంది, దాచడం దేనికి.

అఫ్గాన్ సరుకు తెచ్చి అమ్మొచ్చు కదా అని కూడా అడుగుతున్నారు. 2018లో కాబూల్ నుంచి చైనాకు విమానాల్లో చిల్గోజా పంపడం మొదలయ్యాక ఆ గింజకు మనం ఒక్కళ్ళమే గిరాకీ కాదు. పాకిస్తాన్‌లో సులేమాన్ కొండల మీద 2022 మేలో పెద్ద మంటలు లేచి చిల్గోజా అడవి కాలిపోయింది, కాలిన చోట మళ్ళీ చెట్లు పెరిగి కాయాలంటే చాలా ఏళ్ళు పడుతుంది. బయట నుంచి తెచ్చినా రేటు దిగదు.

మార్కెట్లో చవగ్గా దొరికే పైన్ నట్స్ ఉన్నాయి, పొట్టు తీసినవి, పొట్టిగా బొద్దుగా ఉండేవి. అవి వేరే పైన్ చెట్టు గింజలు. తినడానికి బానే ఉంటాయి, కానీ చిల్గోజా అని పేరు పెట్టి అమ్మను. చిల్గోజా సన్నగా పొడుగ్గా ఉంటుంది, గోధుమరంగు పెంకు పళ్ళతో నొక్కితే టప్పున విరుగుతుంది, లోపలి పప్పు తెల్లగా, వేళ్ళకు నూనె అంటేలా ఉంటుంది. ఆ నూనె వల్లే తొందరగా కారువాసన వస్తుంది కూడా, కొన్నవాళ్ళు డబ్బాలో గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

దీపావళి గిఫ్ట్ బాక్సుల్లో చిల్గోజా పెట్టే గడి ఈసారి తీసేశాను, దాని బదులు సారపప్పు పెడుతున్నాను, బాక్సు రేటు ఆ మేరకు తగ్గింది. పాత బాక్సే కావాలన్నవాళ్ళు ఈ ఆదివారంలోగా మెసేజ్ పెట్టండి, ఉన్నంతలో వరసగా ఇస్తాను.