బాణం మీద ఆ 1, 2 అంకెలు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో ఎస్టర్‌ను ఆల్కహాల్‌గా మార్చే చర్య ఇస్తూ బాణం మీద ఎస్టర్‌ను క్షయకరించే లిథియం అల్యూమినియం హైడ్రైడ్‌నూ (కింద హైడ్రైడ్ అంటే ఇదే) సజల ఆమ్లాన్నీ పక్కపక్కన వేశారు. పాఠ్యపుస్తకాల్లో వాటి ముందుండే, ఒకటయ్యాకే రెండోది వేయాలని చెప్పే 1, 2 అంకెలు ఎగిరిపోయాయి. చోటు కలిసొచ్చిందేమో గానీ, చదివినవాడికి రెండూ ఒకేసారి పోయాలని తోస్తుంది. అలా పోస్తే ఎస్టర్ సంగతి తర్వాత, హైడ్రైడ్ ముందు నీటి మీద పడుతుంది. ఒక్క గ్రాము పూర్తిగా నీటితో కలిస్తే గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు రెండున్నర లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. ద్రావణి ఈథరైతే 35 డిగ్రీల లోపే మరుగుతుంది. అంటుకోవడానికి ఆ చర్య వేడే చాలు.

మొదటి అంచెలో నీటి తడి ఉండకూడదు. ఆరబెట్టిన ఫ్లాస్కు, నైట్రోజన్, తేమలేని ఈథర్ లేదా టీహెచ్ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావణి) కావాలి. హైడ్రైడ్‌ను 0 డిగ్రీలకు చల్లబరిచి ఎస్టర్ ద్రావణాన్ని చుక్కలుగా వేయాలి. లెక్క ప్రకారం మోలు ఎస్టర్‌కు అర మోలు హైడ్రైడ్ సరిపోతుంది. కార్బాక్సిలిక్ ఆమ్లానికైతే ముప్పావు మోలు, ఎందుకంటే అందులోని ఒక హైడ్రైడ్ అయాన్ (H⁻) ఆమ్లపు ప్రోటాన్‌తో కలిసి హైడ్రోజన్‌గా పోతుంది. ఆచరణలో ఇంకొంచెం ఎక్కువే వేస్తారు. ఆ మిగులును నీటితో నాశనం చేయాల్సిన రెండో అంచెలోనే చిక్కు.

పుస్తకం ఆమ్లం అంటుంది గానీ ప్రయోగశాలలో తరచూ వాడేది క్షారమే. n గ్రాముల హైడ్రైడ్ వాడితే, ఈథర్‌తో పలుచన చేసి 0 డిగ్రీల దగ్గర n మిల్లీలీటర్ల నీరు, తర్వాత 15 శాతం సోడియం హైడ్రాక్సైడ్ n మిల్లీలీటర్లు, ఆపైన 3n మిల్లీలీటర్ల నీరు. మొదటి నీటిని మరీ నెమ్మదిగా, ఒక్కో చుక్కకు నురగ తగ్గేదాకా ఆగి వేయాలి. గది ఉష్ణోగ్రతకు తెచ్చి పావుగంట కలిపితే అల్యూమినియం లవణాలు తెల్లని పలుకులుగా దిగుతాయి, సులువుగా వడకట్టవచ్చు. నీరు ఎక్కువైతే మాత్రం అవి జిగట ముద్దవుతాయి, ఉత్పన్నం అందులోనే ఇరుక్కుంటుంది. ఇదే హైడ్రైడ్‌తో అమైన్ (క్షార గుణమున్న నత్రజని సమ్మేళనం) తయారుచేసి ఆమ్లం పోస్తే ఇంకో ఇబ్బంది: అమైన్ లవణమై నీటి పొరలోకి జారుకుంటుంది, మళ్లీ క్షారం వేసి వెనక్కి లాగాలి.

మంట లేస్తే నీరు గానీ కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ గానీ వాడకూడదు, రెండింటితోనూ ఈ హైడ్రైడ్ చర్య జరుపుతుంది. పొడి ఇసుక దగ్గరుంచుకోవాలి.

ఇలాంటి పనే చేసే, ఇంతకన్నా మెతకైన సోడియం బోరోహైడ్రైడ్‌తో ఇంత బెడద లేదు. మిథనాల్‌ను దాని పక్కనే వేసినా తప్పు కాదు, అదే దాని ద్రావణి. అయినా మిథనాల్ దాన్ని మెల్లగా తినేస్తుంది, కాబట్టి చల్లబరిచి కొద్దికొద్దిగా వేయాలి. కీటోన్‌ను అది సులువుగా మారుస్తుంది, మామూలు ఎస్టర్‌ను దాదాపు ముట్టుకోదు. అందుకే ఈ చర్యలో దాన్ని పెట్టి తప్పించుకోలేం. సవరణ వేసేటప్పుడు దయచేసి బాణం పైన 1, కింద 2 అని వేరువేరు వరుసల్లో ముద్రించండి.

భవదీయుడు,
ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు