బడి పిల్లల సాయంత్రపు ఫలహారం: జూన్ నుంచి డిసెంబరు వరకు జమా ఖర్చులు

గ్రామ పెద్దలకు, చందాదారులకు, పుణె, ముంబయిలలో కూలి పనులు చేసుకుంటూ కూడా డబ్బు పంపిన మన ఊరివాళ్లకు నమస్కారం.

జమ: చందాలు రూ. 86,400, నిరుటి నిల్వ రూ. 4,250. మొత్తం రూ. 90,650.

ఖర్చు: గుడ్లు, పల్లీలు, బెల్లం, అటుకులు రూ. 41,300. వంట చేసిన ఇద్దరు అక్కలకు రూ. 18,000. గ్యాస్ రూ. 6,150. గిన్నెలు రూ. 3,900.

మానసిక నిపుణురాలి ఫీజు, దారి ఖర్చులు: నెలకు రూ. 2,000 చొప్పున 7 నెలలకు రూ. 14,000.

అందరూ నిలదీస్తున్నది దీని గురించే. తిండికిచ్చిన డబ్బు పిచ్చి డాక్టరుకు పోశారన్న మాట మా చెవిన పడింది. మన పిల్లలెవరికీ పిచ్చి లేదు. ఒక పాప (పేరు, తరగతి చెప్పం) గుడ్డు తినకుండా కంపాస్ పెట్టెలో దాచేది. మేము అడిగితే ఏడ్చింది తప్ప నోరు విప్పలేదు. నిపుణురాలు ఆ పాప పక్కన కూర్చుని మాట్లాడాక తెలిసింది: అమ్మానాన్నలు వలస పోయారు, ఆదివారం బడి భోజనం ఉండదు, అందుకని తమ్ముడి కోసం శనివారమే దాస్తోంది. ఇంట్లో జొన్నపిండి ఎన్నాళ్లు వస్తుందో లెక్క వేసుకునే పిల్లకు ఎక్కాలు ఎలా వస్తాయి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత. బడిలో చేరకముందే ఇదీ పరిస్థితి. రక్తం తక్కువైతే ధ్యాస నిలవదు, ఊరికే విసుగొస్తుంది. దానికి తోడు రేపటి తిండి గురించిన బెంగ, లేమి నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గు. కొట్లాడే పిల్లవాడిని మొండివాడంటున్నాం, మాట్లాడని పిల్లను బుద్ధిమంతురాలంటున్నాం.

నిపుణురాలు చెప్పాకే పేర్లు పిలిచి పంచడం మానేసి అందరికీ ఒకే బంతిలో పెడుతున్నాం. శనివారం ప్రతి పిల్లకూ ఇంటికి పల్లీ పట్టీలు ఇస్తున్నాం. పంచేటప్పుడు ఫొటోలు తీయడం ఆపేశాం. అలిగిన దాతలు మన్నించాలి, ఈ ఒక్క విషయంలో మాత్రం మేము మారం.

మనసు బాధలు చెప్పుకునే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ (14416) ఉచితమే కదా అన్నారు. ఆ నంబరు బడి గోడ మీద రాయించింది మేమే. కానీ ఎనిమిదేళ్ల పిల్ల ఫోన్ చేసి తన బెంగ చెప్పుకోలేదు.

ఈ లెక్క ఆలస్యం కావడానికి కారణం, నిపుణురాలు మొదట ఫీజు వద్దన్నారు. మేమే పట్టుబట్టి డిసెంబరులో ఒకేసారి ఇచ్చాం. ఆమెకు ఊరంతా రుణపడి ఉంది.

నిల్వ రూ. 7,300. ఇస్తామని సభలో ఒప్పుకొని ఇంకా ఇవ్వని చందాలు రూ. 22,000. పేర్లు రాయడం లేదు. సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు ఇస్తే ఫిబ్రవరిలో గుడ్లకు ఇబ్బంది ఉండదు. రసీదులన్నీ పంచాయతీ ఆఫీసులో ఉంచాం, ఎవరైనా చూడవచ్చు.

ఇట్లు,
కమిటీ సభ్యులు