ఉదయం 7 గంటల బ్యాచ్ ఆపేస్తున్నాను, ఎందుకో చెప్తాను

మన దగ్గర నేర్చుకుంటున్న పిల్లలకీ, వాళ్ళ ఫీజు కడుతున్న అమ్మానాన్నలకీ, రోజూ ఫోన్ చేసి "సార్, వెబ్ డిజైన్‌కి క్లాసులో చేరమంటారా, ఇంట్లో కూర్చుని నేర్చుకోమంటారా" అని అడుగుతున్న వాళ్ళకీ కలిపి రాస్తున్నాను. వచ్చే నెల నుంచి ఉదయం 7 గంటల హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలో ఏముండాలో రాసే భాష), సీఎస్ఎస్ (అది ఎలా కనిపించాలో రాసే భాష) బేసిక్స్ బ్యాచ్ ఉండదు. ఇప్పుడు నడుస్తున్న బ్యాచ్‌ని చివరిదాకా పూర్తి చేస్తాను. అడ్వాన్స్ కట్టిన పదకొండు మందికీ ఈ శనివారంలోపు మొత్తం డబ్బు తిరిగి ఇచ్చేస్తాను, రసీదు పోయినా ఫర్వాలేదు, నా పుస్తకంలో పేర్లున్నాయి.

అమీర్‌పేటలో గది అద్దె కడుతూ ఈ పని ఎందుకు చేస్తున్నానంటే, పోయిన నెల ఒక రోజు బోర్డు మీద ఏమీ రాయకుండా, మీ వీధిలో ఉన్న టిఫిన్ సెంటర్‌కి ఒక పేజీ చేయండి, నోట్స్ చూడొద్దు, రెండు గంటలు టైమ్ అన్నాను. అప్పటికి నలభై రోజుల క్లాసులు అయ్యాయి. ఇరవై నాలుగు మందిలో ఆరుగురే మొదలుపెట్టగలిగారు. మిగతావాళ్ళు ఖాళీ ఫైలు తెరిచి అలాగే చూస్తూ కూర్చున్నారు. వాళ్ళ నోట్‌బుక్కులు తీసి చూశాను, నేను రాసిన ప్రతి ట్యాగూ (ఇది హెడింగు, ఇది పేరా అని చెప్పే కోడ్ గుర్తు) ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. వాళ్ళ కష్టంలో లోపం లేదు, నేను చెప్పిన తీరులోనే ఉంది. ఊళ్ళో అప్పు చేసి హాస్టల్ ఫీజు, నా ఫీజు కడుతున్న వాళ్ళ పిల్లలు వాళ్ళు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ ఆరుగురిని విడిగా అడిగితే, అందరూ క్లాసు అయ్యాక హాస్టల్‌లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని సొంతంగా ఏదో ఒకటి చేసుకుంటున్నవాళ్ళే. అంటే వాళ్ళకి వచ్చింది నా బోర్డు చూసి కాదు, సొంతంగా చేసుకోవడం వల్లే.

బేసిక్స్‌కి కావలసినవన్నీ ఉచితంగానే ఉన్నాయి. ఫ్రీకోడ్‌క్యాంప్ అని కోడింగ్ నేర్పే సైట్ ఉంది, దానికి పైసా కట్టక్కర్లేదు, ఏ ట్యాగ్ ఏం చేస్తుందో చూసుకోవడానికి ఎండీఎన్ అనే సైట్ ఉంది, కోడ్ రాయడానికి వీఎస్ కోడ్ అనే ఎడిటర్, చేసింది నలుగురికీ చూపించడానికి, అంటే ఇంటర్నెట్‌లో పెట్టడానికి గిట్‌హబ్ పేజెస్. హెడింగు, పేరా, లింకు 1991లో వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన తొలి వెబ్‌సైట్‌లోనూ ఉన్నాయి, కాబట్టి వాటికి పాత వీడియో అయినా సరిపోతుంది. పేజీ లేఅవుట్ దగ్గర, అంటే ఏది ఎక్కడ ఉండాలో అమర్చేచోట మాత్రం జాగ్రత్త. పేజీని గళ్ళుగా విభజించి అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్ పెద్ద బ్రౌజర్లలోకి వచ్చింది 2017లో, అంతకుముందు చాలా వీడియోల్లో పేజీ మొత్తాన్ని ఫ్లోట్‌లు, టేబుల్ అనే పాత పద్ధతుల్లో కడుతుంటారు, అది చూసి నెల రోజులు పాడు చేసుకోకండి, ఫ్లెక్స్‌బాక్స్ (భాగాలను ఒక వరుసలో అమర్చే పద్ధతి), గ్రిడ్ చెప్పేవే చూడండి.

అలాగని అంతా ఒంటరిగా అయిపోతుందని చెప్పను. వాళ్ళ నాన్నగారి బియ్యం కొట్టుకి సైట్ చేసిన ఒక అబ్బాయి మొన్న వచ్చాడు, తన ల్యాప్‌టాప్‌లో ఫొటో కనిపిస్తోంది, గిట్‌హబ్‌లో పెడితే కనిపించడం లేదు, మూడు రోజులుగా టెన్షన్. చూస్తే ఫైలు పేరు చివర జేపీజీ అని పెద్దక్షరాల్లో ఉంది, కోడ్‌లో చిన్నక్షరాల్లో రాశాడు. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, గిట్‌హబ్ పట్టించుకుంటుంది. అదే పేజీలో తెలుగు హెడింగ్ రెండు వరుసలు వచ్చేసరికి పై వరుస వత్తులు కింది వరుస గుడులకి తగులుతున్నాయి, ఇంగ్లిష్ కోసం పెట్టిన లైన్ హైట్ (వరుస ఎత్తు) 1.2 అలాగే వదిలేశాడు. 1.6 చేశాం, సరిపోయింది. రెండూ కలిపి పది నిమిషాల పని, కానీ పక్కన చూసే మనిషి లేకపోతే ఆ పది నిమిషాలే మూడు రోజులవుతాయి, చాలామంది అక్కడే వదిలేస్తారు.

అందుకే ఇకనుంచి శనివారాలు మధ్యాహ్నం 2 నుంచి 6 దాకా కూర్చుందాం. పన్నెండు మందికే చోటు, మనిషికి 300 రూపాయలు. మీరు సగం చేసి ఆగిపోయిన పేజీ తీసుకురండి, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి చూద్దాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు పదిహేను రోజులు రోజుకో గంట సొంతంగా ప్రయత్నించండి. ఒక పేజీ సొంతంగా పూర్తి చేయగలిగితే బేసిక్స్‌కి ఎవరికీ ఫీజు కట్టకండి. రోజూ ఒక టైమ్‌కి ఎవరైనా కూర్చోబెడితే తప్ప కూర్చోలేని వాళ్ళూ ఉంటారు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, వాళ్ళు క్లాసులోనే చేరండి, కానీ చేరే ముందు ఒక రోజు డెమో చూసి, పిల్లల చేత సొంతంగా ఎంతసేపు రాయిస్తున్నారో గమనించండి. సాయంత్రం జావాస్క్రిప్ట్ (నొక్కితే పేజీ స్పందించేలా చేసే భాష) బ్యాచ్ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది, అక్కడ చిక్కుకునేవాళ్ళు చాలా ఎక్కువ.

ల్యాప్‌టాప్ లేని వాళ్ళ గురించి కూడా ఆలోచించాను. ఇప్పటి బ్యాచ్ అయిపోయాక ఉదయం 7 నుంచి 9 దాకా గది ఎలాగూ ఖాళీ, ఆరు సిస్టమ్‌లున్నాయి. వచ్చి కూర్చుని ప్రాక్టీస్ చేసుకోండి, డబ్బు అక్కర్లేదు, ముందు రోజు రాత్రి ఒక మెసేజ్ పెడితే చాలు, తాళం తీసి ఉంచుతాను.