ఆ పెద్ద హాలులో ముందు వరుసలో కూర్చో

చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. మామ్మ మోకాలు కాస్త నయం. మెట్లు మాత్రం ఎక్కనివ్వడం లేదు. బుజ్జిగాడు నీ గదిలోకి మకాం మార్చేశాడు, నీ పుస్తకాల జోలికి వెళ్లొద్దని గట్టిగా చెప్పాను. నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది. పరీక్షల హడావుడిలో ఉన్నావనుకున్నాను. మెసేజ్‌కి బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటే నాకేం తెలుస్తుంది చెప్పు? అందుకే ఉత్తరం.

చిట్టి పిన్ని ఏదో అంది. నువ్వు బయాలజీ వదిలేసి వేరే సబ్జెక్టుకి మారదామనుకుంటున్నావని ఎవరో అన్నారట. పిన్ని మాటల్లో సగమే వినాలని నీకూ తెలుసు. ఆ సంగతి అలా ఉంచు.

కళ్లు పరీక్ష చేయించుకున్నావా? మైక్రోస్కోప్‌లో చూసేటప్పుడు రెండో కన్ను మూయకు, సాయంత్రానికి తలనొప్పి పట్టుకుంటుంది. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే.

మొదటి ఏడాది బయాలజీ ఎవరికైనా కష్టమే. అంత పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలో ఇంకాస్త కష్టం. హాలులో వందలమంది ఉంటారు, పాఠం చెప్పేవాళ్లకి నీ ముఖం కూడా గుర్తుండదు. పరీక్షలో నాలుగు జవాబులిచ్చి ఒకటి గుర్తించమంటారు, నువ్వు ఎంత ఆలోచించావో ఆ కాగితం చెప్పదు. మార్కులు తగ్గగానే ఇది నాకు రాదేమో అనిపిస్తుంది. నీకు తగ్గాయని కాదు, ఎవరికైనా అంతే.

కణం తిండి నుంచి శక్తి తీసే ఆ క్రెబ్స్ చక్రంలో పేర్లు బట్టీ పట్టకు. కార్బన్లు లెక్కపెట్టు. ఆరు కార్బన్ల గ్లూకోజ్ విరిగి మూడేసి కార్బన్లున్న పైరువేట్లు రెండవుతుంది. ఒక్కో పైరువేట్‌లో ఒక కార్బన్ పోగా మిగిలిన రెండూ నాలుగు కార్బన్లదానితో కలిసి ఆరు కార్బన్ల సిట్రేట్ అవుతుంది. తర్వాత రెండు కార్బన్లు కార్బన్ డయాక్సైడ్‌గా పోయి మళ్లీ నాలుగు మిగులుతాయి. పుస్తకం మూసేసి కాగితం మీద నువ్వే గీసి చూడు. రెండుసార్లు తప్పు గీశాక మూడోసారి పేర్లు వాటంతటవే వస్తాయి. జెనెటిక్స్ లెక్కలూ అంతే, చదివితే రావు, చేస్తేనే వస్తాయి.

నేను ల్యాబ్‌లో డీఎన్ఏ కాపీలు తీయడానికి వాడే ట్యాక్ ఎంజైమ్ కథ నీకెప్పుడైనా చెప్పానా? చెప్పినా మళ్లీ విను. అమెరికాలో ఇండియానా యూనివర్సిటీ అని ఉంది, మీదానిలాగే పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీ. అక్కడ థామస్ బ్రాక్ అనే ప్రొఫెసర్ ఎల్లోస్టోన్ అనే పార్కులోని వేడినీటి బుగ్గల్లో ఏ సూక్ష్మజీవులు బతుకుతాయా అని వెతుకుతుండేవాడు. ఆయన దగ్గర హడ్సన్ ఫ్రీజ్ అనే కుర్రాడు పనిచేశాడు. పీహెచ్‌డీ కాదు చిన్నీ, డిగ్రీ చదువుతున్నాడు, నీలాగే. ఆ బుగ్గల నుంచి తెచ్చిన నమూనాల్లోంచి 1966లో ఒక బ్యాక్టీరియాని వేరుచేసి పెంచాడు. దానికి డెబ్బై డిగ్రీల వేడంటే హాయి. థర్మస్ అక్వాటికస్ అని పేరు పెట్టారు. 1969లో అచ్చయిన పేపర్లో ప్రొఫెసర్ పేరు పక్కన ఆ కుర్రాడి పేరూ ఉంది. దానివల్ల ఏం లాభమో అప్పటికి ఎవరికీ తెలియదు. 1980ల్లో పీసీఆర్ వచ్చింది, అంటే కొంచెం డీఎన్ఏని విడతలు విడతలుగా కాపీలు తీసి పెంచే పద్ధతి. డీఎన్ఏ పోగులు విడిపోవడానికి ప్రతి విడతలో తొంభై అయిదు డిగ్రీల దాకా వేడి చేయాలి, మామూలు ఎంజైమ్ ఆ వేడికి పాడైపోయేది, విడతకోసారి కొత్తది పోయాల్సి వచ్చేది. ఈ బ్యాక్టీరియా ఎంజైమ్ ఆ వేడికి తట్టుకుంది, అదే ట్యాక్. పీసీఆర్ కనిపెట్టినందుకు కేరీ మల్లిస్‌కి 1993లో నోబెల్ వచ్చింది. కోవిడ్ రోజుల్లో రాత్రుళ్లు ఇంటికి రాకుండా నేను చేసిన టెస్టులు నడిచింది కూడా అలాంటి ఎంజైమ్‌తోనే.

మీ హాలు వెనక కూడా అలాంటి ల్యాబ్‌లు బోలెడు ఉంటాయి. కానీ అక్కడ నిన్ను వెతుక్కుంటూ ఎవరూ రారు, నువ్వే వెళ్లి తలుపు తట్టాలి. టీచర్లు విద్యార్థుల కోసం గదిలో కూర్చునే వేళలుంటాయి, ఆ వేళకి చాలాసార్లు ఎవరూ వెళ్లరు. నువ్వు వెళ్లు. ఒక ప్రశ్న రాసుకుని వెళ్లు, అర్థం కానిది అర్థం కాలేదనే చెప్పు. హాలులో ముందు వరుసలో కూర్చో. ప్రాక్టికల్స్ చేయించే రీసెర్చ్ విద్యార్థులతో మాట్లాడు, ఏ ల్యాబ్‌లో గ్లాసు సామాను కడగడానికి మనిషి కావాలో వాళ్లకే ముందు తెలుస్తుంది. కడగడంతో మొదలుపెట్టినా నామోషీ లేదు.

చూశావా, పాఠం చెప్పేస్తున్నాను. నాన్న పక్కనుంచి ఇక చాలంటున్నారు.

మారాలనుంటే మారు చిన్నీ. నాన్నకి నేను చెప్పుకుంటాను, ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనరు. కానీ ఒక్క మిడ్‌టర్మ్ చూసి మారకు. అవును, మార్కుల సంగతి కూడా పిన్ని చెప్పింది. ఏడో తరగతిలో బూజు పట్టిన బ్రెడ్డు ముక్కని పారేయనీయకుండా రోజూ లెన్స్ పట్టుకుని చూసిన పిల్లవి, నీకు బయాలజీ రాదంటే నేను నమ్మను. ముందు ఒక ల్యాబ్‌లో ఈ సెమిస్టర్ అయ్యేదాకా పనిచేసి చూడు. అప్పటికీ వద్దనిపిస్తే నాకు చెప్పు, ఎవరి నోటో కాకుండా నీ నోటితో చెప్పు.

ఆదివారం ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే. రాత్రి రెండింటిదాకా చదవడం మానేయ్, నిద్ర లేకపోతే చదివింది నిలవదు. ల్యాబ్‌కి వేళ్లు కనిపించే చెప్పులు వేసుకెళ్లకు, జుట్టు ముడి వేసుకో. గ్లవ్స్ చేతులతో ఫోన్ ముట్టుకోకు. వాళ్లు ఇచ్చిన గ్లవ్స్ వదులుగా ఉంటే చెప్పు, నీ సైజువి ఒక పెట్టె పంపిస్తాను.

అమ్మ