హర్షకు ఏడు, నరేష్‌కు మూడు

నల్లగొండ
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సైదులూ,

ముందే చెప్తున్నా, తిట్టకు. నీ ఉత్తరం ఎప్పుడో వచ్చింది. జవాబు రాలేదని నువ్వు మస్కట్‌లో కూర్చొని నన్ను ఏమేం అనుకున్నావో అదంతా నాకు ఇక్కడికి వినపడుతూనే ఉంది. వరి కోతలు, వడ్లు కాంటా అయ్యేదాకా కల్లం దగ్గర కాపలా, ఆ తర్వాత అమ్మ మోకాళ్ళు. అమ్మ ఇప్పుడు నయం. బత్తాయి రేటు మళ్ళీ పడింది. చిన్నోడు ఇంటర్ పాసయ్యాడు, ఇంకేం చదవాలో వాడికీ తెలవదు, నాకూ తెలవదు. వార్తలు సమాప్తం.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఫోన్‌లో చెప్పే ముచ్చట కాదురా. ఒకసారి మా తమ్ముడికి చెప్పబోతే నవ్వు ఆగక సగంలోనే పెట్టేశాను.

మా అక్క బిడ్డకు సంబంధం కుదిరింది. మిర్యాలగూడ వాళ్ళు. పిల్లగాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, మంచోడు, నెమ్మదిగా మాట్లాడతాడు. పోయిన వారం ఖాయం చేసుకోవడానికి అక్క వాళ్ళింటికి వచ్చారు. పిల్లగాడు, వాళ్ళ నాయన, తమ్ముడు, మేనమామ, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు. వాళ్ళ నాయనమ్మకు ప్రయాణం పడదని ఇంట్లోనే ఉండిపోయింది. ఈ నాయనమ్మను గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తుంది.

ఇచ్చిపుచ్చుకునే మాటలు ఎంత తొందరగా తేలిపోయాయంటే నాకే ఆశ్చర్యమేసింది. బావ ఒక తెల్ల కాగితం మీద ఎవరెవరికి ఏం బట్టలు, ఫంక్షన్ హాలు ఖర్చు ఎవరిది, వంటలు ఎవరివి, అన్నీ వరసగా రాశాడు. చాయ్ పొయ్యి మీద మరిగేలోపే అయిపోయింది. ఇంత సాఫీగా పెళ్ళి మాటలు నడిస్తే ఏదో ఒక తిరకాసు ఉంటుందని మా పెద్దనాయన ఎప్పుడూ అనేవాడు కదా.

అప్పుడు మేనమామ ఫోన్ మోగింది. రింగ్‌టోన్ ఏమనుకున్నావ్? మన టీవీ కామెడీ సీరియల్ ‘అమృతం’ పాట! ఆర్టీసీలో రిటైరైన మనిషి, తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాల, చూస్తే నవ్వు ముఖమే తెలియనట్టు ఉంటాడు. ఆ పాట వినగానే మా బావ ముఖం వెలిగిపోయింది. “మీరు కూడనా?” అన్నాడు. ఆయన ఫోన్ ఎత్తకుండా కట్ చేసి, “మొదటి ఆదివారం నుంచి చూసినోణ్ణి. అమృతమంటే శివాజీరాజానే. తర్వాత వచ్చినోళ్ళంతా డూటీకి వచ్చిన్రు” అన్నాడు.

అయిపోయింది. మా బావ సంగతి నీకు తెలుసు. ‘శ్రీవారికి ప్రేమలేఖ’ నాటి నుంచి నరేష్ మనిషి. మెల్లగా గ్లాసు కింద పెట్టి, “నరేష్‌ను ఏమనొద్దు బావగారూ” అన్నాడు. ఆ గొంతు విని అక్క వంటింట్లోంచి తొంగి చూసింది.

నీకు లెక్కలు గుర్తు చేస్తాను, ఎడారిలో మర్చిపోయి ఉంటావు. 2001 నవంబర్‌లో జెమినీలో మొదలైంది, 2007 దాకా నడిచింది. మూడు వందలకు పైనే ఎపిసోడ్లు. గుణ్ణం గంగరాజు గారు సృష్టించిన అమృతం ఒక్కడే, వేషం వేసినవాళ్ళు ముగ్గురు. మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత చివరిదాకా హర్షవర్ధన్. ఎక్కువ ఎపిసోడ్లు హర్షవర్ధన్‌వే. ఏ కాలం గొప్పది అన్న పంచాయితీ మన రామగిరి గదిలో ఎన్ని రాత్రులు నడిచిందో. మన ఇంటి ఓనరు, అదే మనం అప్పాజీ అనేవాళ్ళం, ఆయన కిటికీ బయట నిలబడి ఆదివారం ఎనిమిదిన్నరకు వాళ్ళ టీవీ చూడడం, కరెంటు పోగానే ఆయన విసనకర్ర పట్టుకొని బయటికి రావడం, రాగానే మన కిరాయి గుర్తుకు రావడం! కరెంటోళ్ళు మన మీద పగబట్టారని నువ్వు అనేవాడివి. బకెట్ సంగతి ఇక్కడ రాయను, ఈ ఉత్తరం మీ రూమ్ వాళ్ళెవరైనా చదివితే నీ పరువు పోతుంది.

మొన్న ఆ గది దిక్కు పోయానురా. అక్కడ ఇప్పుడు... సరే, అది ఇంకోసారి రాస్తా.

మేనమామ వాదన ఏందంటే, శివాజీరాజా అమృతం మన పక్కింట్లో ఉండే మనిషి. అబద్ధం చెప్తుంటే అబద్ధమని ముఖంలోనే తెలిసిపోయేది. నవ్వించాలని ప్రయత్నం చేయడు, కష్టంలో పడతాడు, మనం నవ్వుతాం, అంతే. బావ వాదన వేరు. నరేష్ జంధ్యాల గారి చేతిలో తయారైన మనిషి, ఒక మాట అనేముందు ఆ మాటను మింగుతాడు చూడు, ఆ చిన్న ఆగుడులోనే సగం కామెడీ ఉందంటాడు. “ముందొకాయన, ఎనకొకాయన, నడుమ పడ్డ మనిషికి న్యాయం ఎవ్వలు చెయ్యరు” అని తన సొంత తమ్ముడికి అన్యాయం జరిగినట్టు బాధపడ్డాడు. బావ కూడా ముగ్గురన్నదమ్ముల్లో నడిమివాడే అన్నది వేరే సంగతి.

నేను హర్షవర్ధన్ వైపు. పిల్లగాడి తమ్ముడు కూడా నా పార్టీయే, చేయి కలిపాడు. నేనేమన్నానంటే, “ఎవరు గొప్ప అనేది అమృతాన్ని చూసి తేల్చొద్దు, సీరియల్‌ల ఇంటి ఓనరు అప్పాజీని చూసి తేల్చాలె. అప్పాజీ తిట్లు ఎవరి ముఖం మీద బాగా అతుకుతయో ఆయన కాలమే గొప్ప కాలం.” శివాజీరాజాను తిడితే పాపమనిపిస్తుంది. నరేష్‌ను తిడితే పెద్దమనిషిని తిట్టినట్టుంటుంది. హర్షవర్ధన్‌ను తిడుతుంటే, తిట్లు ఇంకా అయిపోకముందే ఆయన కళ్ళు పెద్దవై ఇంకో ఐడియా పుడుతున్నట్టు కనపడుతుంది, పక్కన స్నేహితుడు ఆంజనేయులు ముఖం వాడిపోతుంటుంది. అప్పటికి శివన్నారాయణ గారి అప్పాజీ, వాసు ఇంటూరి వేసిన హోటల్ సర్వర్ సర్వం కూడా బాగా ముదిరి ఉన్నారు. నీకు ఈ మాట నచ్చదని తెలుసు, నువ్వు శివాజీరాజా పార్టీ. రాయి జవాబు, చూస్తా.

మాటతో తేలేటట్టు లేదని ఫోన్లు బయటికొచ్చాయి. ఒక్కొక్కరు ఒక్కో ఎపిసోడ్ పెట్టడం, అందరూ చూసి మార్కులు వేయడం. మేనమామ అయితే కుర్చీలోంచి లేచి, తువ్వాల నడుముకు బిగించి, ఒక చేతిలో చాయ్ సాసర్ అట్లనే పట్టుకొని, రెండో చేతి వేలు ఆడిస్తూ అప్పాజీ డైలాగ్ మొత్తం అప్పజెప్పాడు. సాసర్‌లో ఒక్క చుక్క ఒలకలేదురా! ఇన్నేళ్ళు బస్సుల్లో నిలబడ్డ మనిషి కదా. మార్కులు రాయడానికి కాగితం కావాలంటే బావ చేతిలో ఉన్న ఆ తెల్ల కాగితమే తిప్పి వెనక రాశాడు. శివాజీ – 4. నరేష్ – 3. హర్ష – 7. నరేష్‌కు మూడే వచ్చాయని అలిగి పెన్ను మూత కూడా పెట్టలేదు.

మధ్యలో నేనే ఒక మాట అన్నాను, ఎవరు మారినా ఆంజనేయులు వేషంలో గుండు హనుమంతరావు గారు మొదటి నుంచి చివరిదాకా ఉన్నారు కదా అని. “అందరూ ఒప్పుకునే మాట పంచాయితీల చెప్పొద్దు” అని మేనమామ నోరు మూయించాడు. కానీ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. 2018 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు నువ్వు అక్కడి నుంచి ఫోన్ చేశావు, గుర్తుందా? ఇద్దరం ఏం మాట్లాడుకోకుండానే పెట్టేశాం. 2020 ఉగాదికి మళ్ళీ ‘అమృతం ద్వితీయం’ అని వచ్చినప్పుడు ఆ వేషం ఎల్.బి. శ్రీరామ్ గారు వేశారు. ఆయన పెద్ద నటుడే, ఎవరు కాదన్నారు? నాకే చూడబుద్ధి కాలేదు.

అప్పుడు అక్క గారెల పళ్ళెం తెచ్చి పెట్టి అడిగింది చూడు: “ముగ్గురు అమృతాల గురించి ఇంతసేపు కొట్లాడిన్రు. అమృతం పెండ్లాం సంజీవని వేషానికి గూడ మనుషులు మారిన్రు గదా. ఝాన్సీ తర్వాత ఎవరొచ్చిన్రో ఒక్కరు చెప్పుండ్రి.” ఇంతమంది మగవాళ్ళం, ఒక్కడికి నోరు పెగల్లేదు. గారెలు మాత్రం పెగిలాయి.

ఇక పిల్లగాడి వంతు. మా కోడలు అప్పటిదాకా నోరు విప్పనిది, “మీరెవరి దిక్కు?” అని నేరుగా అడిగింది. వాడు తడబడుతూ, “నేను యూట్యూబ్‌ల చూసిన అండీ. ఏది కనపడితే అది. ఎవరు ముందో ఎవరు ఎనకో నాకు తెలవదు” అన్నాడు. మేనమామ, బావ మొదటిసారి ఒక్క పార్టీ అయ్యారు. ఆ చూపు చూడాల్సింది నువ్వు. మా కోడలికి మాత్రం ఆ జవాబే నచ్చినట్టుంది, లోపలికి పోయేదాకా నవ్వుకుంటూనే ఉంది.

ఇంతవరకు అయితే నీకు ఉత్తరం రాయకపోదును. అసలు కథ తెల్లారి.

ఆ కాగితం వాళ్ళ నాయన జేబులో పెట్టుకొని పోయాడు కదా. ఇంటికి పోయి నాయనమ్మకు ఇచ్చాడు. ఆమె మనవరాలితో ముందువైపు మొత్తం చదివించుకుంది, బాగుందన్నది. తర్వాత కాగితం తిప్పింది. శివాజీ నాలుగు, నరేష్ మూడు, హర్ష ఏడు! “ఎవర్రా వీళ్ళు ముగ్గురు? పిల్లకు వచ్చిన సంబంధాలకు మార్కులేసుకుంటున్నరా? ఆ హర్షగానికి ఏడు వేసి, మనోని పేరన్నా రాయలేదేందిరా?” అని ఒకటే లొల్లి. వాళ్ళ నాయన మా పంచాయితీ నడిచినంతసేపు అరుగు మీద ఫోన్‌లో మిల్లు వాళ్ళతో వడ్ల లెక్క మాట్లాడుకుంటున్నాడు, ఆయనకు ఒక్క ముక్క తెలియదు. మేనమామ ఆ రాత్రే తిరుపతి రైలెక్కాడు, ఫోన్ స్విచాఫ్. పిల్లగాడికి చేస్తే వాడు నవ్వడం తప్ప మాట రావడం లేదు, నాయనమ్మ దానికి ఇంకో అర్థం తీసింది. పొద్దున ఆరింటికి మధ్యవర్తి బావకు ఫోన్. “ఏమయ్యా, హర్ష ఎవడు? ఉన్నదున్నట్టు చెప్పు.”

బావకు చెమటలు. అక్కకు ఏడుపు. నాకు, చెప్పొద్దూ, దిండులో ముఖం పెట్టుకొని నవ్వు.

బావ, నేను బండి మీద మిర్యాలగూడ పోయాం. దారి పొడుగునా బావ ఒకటే అనుకున్నాడు, నరేష్‌కు మూడు వేసిన పాపం ఊరికే పోదని. అక్కడ నాయనమ్మ మంచం మీద కాగితం పట్టుకొని కూర్చొని ఉంది, ఉతికిన తెల్ల చీర, ముక్కుకు పెద్ద అద్దాలు. చెప్తే వినే మనిషి కాదని ఫోన్ తీసి ఎదురుగా పెట్టి ఎపిసోడ్ ఆన్ చేశాం. కాసేపు కోపంగానే చూసింది. తర్వాత అద్దాలు తుడుచుకొని ఫోన్ దగ్గరికి జరిపించుకుంది. ఇంకోటి పెట్టమంది. అదీ అయిపోయాక తీర్పు చెప్పింది:

“గా ముగ్గుర్ల ఎవ్వడు మంచోడు కాదు. ఇంటి కిరాయి సక్కగ ఇయ్యని పోరగాండ్లు. ఆ ఇల్లు గలాయన మంచోడు, పాపం.”

తర్వాత తెలిసింది, ఆమె పేరు మీద రైల్వే స్టేషన్ దగ్గర ఆరు గదులు కిరాయికి ఉన్నాయట! బావ చేతిలోంచి పెన్ను తీసుకొని మనవరాలితో కాగితం వెనక ‘అప్పాజీ – 10’ అని రాయించింది. ఇప్పుడు ఆ కాగితం అట్లనే ఉంది వాళ్ళ బీరువాలో, పట్టు చీరల కింద.

ఇంకా చాలా ఉందిరా. మేనమామ తిరుపతి నుంచి వచ్చి ఏమన్నాడో, బావ ఇప్పుడు నాతో ఎట్లా మాట్లాడుతున్నాడో... కానీ పంతులు వచ్చాడు, లగ్గం ముహూర్తం చూడాలంట, అక్క మూడోసారి పిలుస్తోంది. తేదీ తెలవగానే వాట్సాప్ పెడతా, లీవుకు ఇప్పుడే అప్లై చెయ్. వచ్చేటప్పుడు నాయనమ్మకు మంచి ఫోన్ స్టాండ్ ఒకటి

పిలుస్తున్నారు, ఉంటా.

నీ
యాది